ఈస్టర్ దాకా

తెల్లవారుజామున ఆరింటికి తలుపు తట్టేవాడు మంచి కబురు మోసుకురాడని వెర్నెల్‌కి అరవై రెండేళ్ళ అనుభవం. అందుకే వెంటనే తియ్యలేదు. తలకి చుట్టిన గుడ్డ సర్దుకుంది. ముందు గదిలో నేలమీద పరిచి ఉన్న సోఫా మెత్తల్ని ఒక్కొక్కటే ఎత్తి సోఫాలో పెట్టింది. పిల్ల దుప్పటి చుట్ట చుట్టి వంటింట్లోకి విసిరింది. వెనక్కి వాలి ఉన్న పడక కుర్చీని నిటారుగా చేసింది. నవంబరు నుంచీ ఆ మెత్తల మీద నైలా, ఆ కుర్చీలో నైలా తల్లి డెనిషా పడుకుంటున్నారు. ఇద్దరూ బయల్దేరి పది నిమిషాలైంది. డేటన్‌లోని ఈ మేడమీది వాటా నుంచి బెల్‌వుడ్‌లోని బడికి చేరాలంటే, మంచు రోజుల్లో కారులో నలభై నిమిషాలు పడుతుంది.

"ఎవరూ?"

"బెల్‌వుడ్ నుంచి వచ్చానమ్మా. పిల్ల విషయం."

పిల్ల విషయం అనేసరికి వెర్నెల్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

గడపలో నిలబడ్డవాడు తెల్లవాడు, యాభై దాటినవాడు. చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. బూట్లకంటిన మంచు దులుపుకునిగానీ లోపల అడుగు పెట్టలేదు, అంత మర్యాదస్తుడు. పేరు డీటర్ అన్నాడు. ఎక్కడ పనిచేస్తాడో కూడా చెప్పాడు గానీ ఆ ముక్క ఆమె చెవికెక్కలేదు. నల్లవాళ్ళుండే ఆ వీధిలో తెల్లవాడెవడైనా అట్ట పట్టుకుని పిల్లల సంగతి అడుగుతూ వచ్చాడంటే ఒకటే ఆఫీసు. పిల్లల్ని తీసుకుపోయే ఆఫీసు. వెర్నెల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటి ముగ్గురు పిల్లల్ని అలాగే కారెక్కించారు. ముగ్గురికీ ఒకటే పరుపు ఉండటం వాళ్ళమ్మ చేసిన నేరం.

"నైలా ఇక్కడే పడుకుంటుందా?"

"ఇక్కడ కాకపోతే పిట్టగోడ మీద పడుకుంటుందా నాయనా? కాఫీ తాగుతావా?"

"వద్దమ్మా. ఆమెకి మంచం ఉందా?"

"మంచమేంటి, గదే ఉంది!"

అని తన పడగ్గది తలుపు బార్లా తీసింది. తెల్ల దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఇస్త్రీ పనిచేసే చెయ్యి కదా, పక్క కూడా ఇస్త్రీ చేసినట్టే వేస్తుంది. డీటర్ లోపలికి తొంగి చూసి ఏదో రాసుకున్నాడు. గోడకున్న చర్చి టోపీలు పదకొండేళ్ళ పిల్లవి కావని అతనికి తట్టిందో లేదో, అడగలేదు.

"మరి ఆమె తల్లికి?"

"ఇద్దరికీ ఆ గదే. నేను ముసలిదాన్ని, ఎక్కడైనా ఒరుగుతా."

"ఎన్నాళ్ళుంటారు మీ దగ్గర?"

"ఎన్నాళ్ళేంటి? మా చెల్లెలి కూతురు, దాని కూతురు. నా ఊపిరి ఉన్నంత కాలం ఇది వాళ్ళిల్లే. మా వంశంలో ఎవరూ రోడ్డున పడలేదు, రాసుకో."

అతను నిజంగానే రాసుకున్నాడు. రాసిందంతా చదివి వినిపించి, కింద సంతకం పెట్టమన్నాడు. వెర్నెల్ కళ్ళజోడు తెచ్చుకుని, చర్చి రిజిస్టరులో పెట్టినంత పొందిగ్గా పెట్టింది. అతను మెట్లు దిగి వెళ్ళాక గోడకి చేరబడి దేవుడికి దండం పెట్టుకుంది. పిల్లని కాపాడాననుకుంది.

ఆ రోజంతా డ్రైక్లీనింగ్ షాపులో ఆమె చేతులకి అలుపు తెలియలేదు. చొక్కాకి ముందు కాలరు, తర్వాత చేతుల పట్టీలు, తర్వాత భుజాలు, చివరికి ఒళ్ళు. ఆవిరి ప్రెస్సు మూత దించితే బుస్సుమంటుంది, ఎత్తితే ముఖానికి సెగ కొడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే సెగ. ఎదురుగా ఎవరున్నా లేకపోయినా పాడుకుంటూ పనిచేసే మనిషి, ఆ రోజు ఇంకాస్త గొంతెత్తింది.

గురువారం ఉత్తరం వచ్చింది.

డెనిషా దాన్ని వంటింటి బల్ల దగ్గర నిలబడే రెండుసార్లు చదివింది. ఆమె ఆసుపత్రి వంటశాలలో పళ్ళేలు సర్దే పని చేస్తుంది. ఇంకా ఆ తెల్ల కోటు విప్పలేదు. వలగుడ్డ జుట్టుకే ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడికెవరైనా వచ్చారా?"

"వచ్చాడు. పంపించేశాను. భయపడతావని చెప్పలేదు."

"ఏం చెప్పావు వాడికి?"

వెర్నెల్ కాస్త గర్వంగానే చెప్పింది. గది సంగతి, మంచం సంగతి, ఊపిరి ఉన్నంత కాలం సంగతి. డెనిషా వింటూ వింటూ కుర్చీలో కూలబడింది.

"వాడు పిల్లల్ని తీసుకుపోయేవాడు కాదు పెద్దమ్మా. బడివాళ్ళు పంపినవాడు. బెల్‌వుడ్‌లో మా ఇల్లు పోయాక కూడా నైలా ఆ బళ్ళో ఎందుకుందనుకున్నావు? ఇల్లు పోయిన పిల్లని పాత బళ్ళోనే ఉంచాలని చట్టం ఉంది. అందుకని ఉంచారు. ఇప్పుడు దీనికి సొంత గది ఉంది, మంచం ఉంది, డేటన్‌లో స్థిరంగా ఉంటోంది, కాబట్టి డేటన్ బళ్ళోనే చేరాలంట. రేపే ఆఖరి రోజంట."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. వెర్నెల్ నోరు జారడమే కాదు, సంతకం కూడా పెట్టింది.

నైలా ముందు గదిలో లెక్కలు చేసుకుంటోంది. బెల్‌వుడ్ బడికి పోకముందు అది మూడేళ్ళలో నాలుగు బళ్ళు మారింది. నాలుగో తరగతి దాకా క్లాసులో పైకి చదవమంటే బల్ల కింద దూరేది. ఇప్పుడు చదువుతోంది. అంతేకాదు, ఈ ఏడాది దాన్ని రోడ్డు దాటించే పిల్లల్లో ఒకదాన్ని చేశారు. భుజం మీంచి నడుముకి వచ్చే నారింజ రంగు పట్టీ కట్టుకుని, పొద్దున్నే బడి ముందు చెయ్యి చాపి నిలబడి చిన్న తరగతుల పిల్లల్ని దాటిస్తుంది. ఎర్ర లైటుకి ఆగని కార్లు దాని చెయ్యికి ఆగుతాయని అది అందరితో చెబుతుంది.

మర్నాడు వెర్నెల్ పనికి సగం రోజు సెలవు పెట్టి డెనిషాతో కలిసి బడికెళ్ళింది. తప్పు తనదైనప్పుడు ఇంట్లో కూర్చోగలిగే మనిషి కాదు. బడి ఆఫీసులో గుమాస్తా ఒక జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగి తీసుకుంటోంది. లైబ్రరీ పుస్తకాలు రెండు, లాప్‌టాప్, దాని తీగ.

"పట్టీ కూడా ఇవ్వాలమ్మా నైలా."

నైలా సంచిలోంచి పట్టీ తీసింది. వాళ్ళకి నేర్పిన పద్ధతి ఒకటుంది: బకిల్ లోపలికి పెట్టి, చుట్ట చుట్టి, కొస లోపలికి దోపాలి. అది నిలబడి ఆ పద్ధతంతా చేసింది. తొందరపడలేదు. కొస ఒకసారి జారిపోతే మళ్ళీ మొదట్నుంచి చుట్టింది. ఇచ్చేటప్పుడు "థాంక్యూ మేడమ్" కూడా అంది. వెర్నెల్ కిటికీలోంచి జెండా కర్రవైపు చూస్తూ నిలబడింది, ఇంకెటు చూడాలో తెలియక.

అప్పుడే చేతినిండా ఫైళ్ళతో పోతున్న ఒకావిడ గుమ్మంలో ఆగింది. హాలీ ప్రాథర్ అని, ఇల్లు లేని పిల్లల సంగతి చూడటానికి స్కూలు బోర్డు పెట్టిన మనిషి. డెనిషాకి నవంబరులో కాగితాలు నింపిపెట్టింది ఈవిడే.

"ఏంటిది? పిల్ల దగ్గర సామానెందుకు తీసుకుంటున్నారు?"

గుమాస్తా ఉత్తరం చూపించింది. హాలీ అది చదివి, ఇంకేమీ అనకుండా ముగ్గుర్నీ పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు మూసింది.

"నా జీతం కూడా వీళ్ళే ఇస్తారు, అందుకని గొంతు తగ్గించి చెబుతున్నా. ఈ నిర్ణయం మీకు నచ్చకపోతే కాదనే హక్కు మీకుందని ఈ ఉత్తరంలో రాయాలి. రాయలేదు. నాకు చెప్పాలి. చెప్పలేదు. డెనిషా, నీకు ఇష్టమేనా ఇది?"

"ఎలా ఇష్టమవుతుంది మేడమ్?"

"అయితే అదే రాయి. ఒక్క వాక్యం చాలు. నువ్వు కాదన్న నిమిషం నుంచి తగువు తేలేదాకా పిల్ల ఈ బళ్ళోనే కూర్చోవాలి. అది నా దయ కాదు, చట్టం."

డెనిషా ఆ ఉత్తరం వెనకే రాసింది. 'నేను ఒప్పుకోను' అని రాసి, సరిపోతుందా అన్నట్టు చూసింది. హాలీ తల ఊపింది. లాప్‌టాప్, పుస్తకాలు వెనక్కి వచ్చాయి. పట్టీ మాత్రం రాలేదు. దాన్ని అప్పటికే ఐదో తరగతిలో ఇంకో పిల్లకి పంపేశారట. ఆ అమ్మాయి దగ్గర మళ్ళీ లాక్కోవడం బాగుండదన్నారు. నైలా దగ్గర లాక్కోవడం బాగున్నట్టే ఉంది వాళ్ళకి.

నైలా క్లాసుకి పోయాక హాలీ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది.

"వెర్నెల్ గారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"చిక్కంతా దీంతోనేనండీ. బుధవారం మధ్యవర్తి ముందు కూర్చోవాలి. ఇల్లు పోయి, గతిలేక చుట్టాలింట్లో తలదాచుకున్నవాళ్ళని కూడా ఇల్లు లేనివాళ్ళనే అంటుంది చట్టం. కానీ వాళ్ళకది శాశ్వతమైన ఇల్లే అయితే..."

"మా ఇంట్లో ఉన్న పిల్ల ఇల్లు లేని పిల్లా? నేనేమైనా సత్రం నడుపుతున్నానా?"

"కోప్పడకండి. ఏం చెప్పాలో నేను మీకు చెప్పకూడదు. ఉన్నది చెప్పండి. అంతే."

ఉన్నది చెప్పడమంటే ఏంటో వెర్నెల్‌కి సోమవారం, మంగళవారం, ప్రెస్సు ముందు నిలబడ్డ రెండు రోజులూ ఆలోచన. గది లేదని ఒప్పుకోవాలి. పిల్ల నేల మీద పడుకుంటోందని చెప్పాలి. అంతవరకు సరే, అది నిజమే. కానీ అది చాలదని ఆమెకి తెలుసు. వాళ్ళని ఎప్పుడైనా పంపేస్తానని కూడా అనాలి. కాలరు మీద ఆవిరి వదులుతూ, "నెలాఖరుకి పొమ్మన్నానండీ" అని పైకి అని చూసుకుంది. ఆ మాట నోట్లో పుల్లగా తగిలింది. మళ్ళీ అంది. పట్టీలు నొక్కుతూ, భుజాలు పరుస్తూ, అబద్ధం సాఫీగా వచ్చేదాకా అంటూనే ఉంది.

మంగళవారం సాయంత్రం బీన్స్ వలుస్తూ డెనిషాతో అంది:

"రేపు అక్కడ నేనేమన్నా మనసులో పెట్టుకోకే."

"నాకు తెలీదా పెద్దమ్మా. నువ్వు చెప్పాల్సింది చెప్పు."

పిల్లకి కూడా ఈ ముక్క చెప్పి ఉంచాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

స్కూలు బోర్డు ఆఫీసులో పొడుగాటి బల్ల. ఒక పక్క బోర్డు తరపు మనిషి, డీటర్. ఇంకో పక్క డెనిషా, వెర్నెల్, హాలీ. బల్ల చివర మధ్యవర్తి. మిస్ ఆక్టన్ అంటారు, సన్నగా, పొడుగ్గా, అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఉంది. బడి వదిలిన వేళ కాబట్టి నైలాని ఎక్కడా దింపడానికి లేక వెంట తెచ్చారు. అది గోడవార కుర్చీలో కూర్చుని ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని భిన్నాలు చేస్తోంది.

డీటర్ తన కాగితం చదివాడు. గది. మంచం. తెల్ల దుప్పటి. ఊపిరి ఉన్నంత కాలం. ఒక్క ముక్క కల్పించలేదు. వెర్నెల్ మాటలే వెర్నెల్‌కి ఎదురు నిలబడ్డాయి.

"వెర్నెల్ గారూ, ఇందులో తప్పేమైనా ఉందా?" మిస్ ఆక్టన్ అడిగింది.

"ఆయన తప్పు లేదండీ. ఆయన చెప్పింది నేనన్నదే. నేనన్నదే అబద్ధం."

"ఎందుకు చెప్పారు?"

"మంచం లేదంటే పిల్లని తీసుకుపోతారనుకున్నాను. మా వీధిలో అలాగే తీసుకుపోతారండీ. మీ వీధిలో సంగతి నాకు తెలీదు."

మిస్ ఆక్టన్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. డీటర్ తన కాగితాలవైపు చూసుకున్నాడు.

"అయితే నిజంగా ఎక్కడ పడుకుంటోంది?"

"ముందు గదిలో, నేల మీద. సోఫా మెత్తలు పరుచుకుని. తల్లి కుర్చీలో. ఆ గది నాదండీ, మంచం నాది."

"ఎంతకాలం ఉండనిస్తారు వాళ్ళని?"

నెలాఖరు. ఆ మాట నాలుక మీదే ఉంది. రెండు రోజులు ఇస్త్రీ చేసి మడతపెట్టి తెచ్చుకున్న మాట. వెర్నెల్ నోరు తెరిచింది.

"ఈస్టర్ దాకా" అంది.

ఆ మాట తనకే కొత్తగా వినపడింది. ఎప్పుడనుకుంది అలాగని? ఎక్కడుంది ఆ మాట ఇన్నాళ్ళూ?

"ఈస్టర్ తర్వాత?"

"తర్వాత నా వల్ల కాదండీ. నాకు అరవై రెండు. రోజంతా నిలబడే పని. పొద్దున్నే నాలుగున్నరకి లేచి వంటింట్లోకి పోవాలంటే ఆ పిల్ల కాళ్ళ మీంచి దాటుకుంటూ పోవాలి. దీపం వేసుకోకూడదు, లేస్తుంది. పంపు తిప్పకూడదు, లేస్తుంది. నా ఇంట్లో నేను దొంగలా తిరుగుతున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి కాసేపు నోరు మూసుకుని కూర్చుందామంటే కుర్చీ ఉండదు. మొన్నొకసారి దాన్ని దాటుతూ మధ్యలో ఆగిపోయాను. వీళ్ళు రాకముందు ఈ గది ఎంత ఖాళీగా ఉండేదో అనుకున్నాను. ఎంత బాగుండేదో అనుకున్నాను. నా చెల్లెలు పోయేముందు ఈ డెనిషాని నా చేతిలో పెట్టి పోయింది. అయినా అనుకున్నాను."

హాలీ తల వంచుకుంది. డెనిషా కన్నీళ్ళు తుడుచుకుంటోంది, కానీ ఆమె ముఖంలో నొప్పి లేదు, కృతజ్ఞతే ఉంది. గోడవార పెన్సిలు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. వెర్నెల్ అటు తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

మిస్ ఆక్టన్ చాలాసేపు రాసుకుంది. బోర్డు తరపు మనిషి ఏదో అనబోతే చెయ్యి చూపించి ఆపింది.

"కాగితం మీ అందరికీ రేపు పంపుతాను. మాట మాత్రం ఇప్పుడే చెబుతున్నా, పిల్ల ఇక్కడే ఉంది కాబట్టి. నైలా, ఇలా చూడమ్మా. నీకు ఇప్పుడు ఇల్లు లేదు. నువ్వూ అమ్మా ఎక్కడికి మారినా, ఎన్నిసార్లు మారినా, ఈ జూన్ దాకా ఆ బడి నీది. అక్కణ్ణుంచి నిన్నెవరూ పంపించలేరు. సోమవారం నుంచి నీకోసం ఇంటి ముందుకి బస్సు వస్తుంది. అర్థమైందా?"

"అర్థమైందండీ" అంది నైలా.

తిరిగొచ్చేటప్పుడు కారులో డెనిషా నవ్వుతూ ఏడుస్తూ నడిపింది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు వెర్నెల్ చెయ్యి పట్టుకుంది.

"అచ్చం నిజంలాగే చెప్పావు పెద్దమ్మా. నేనే నమ్మేశాను ఒక్క క్షణం."

వెర్నెల్ ఆ చెయ్యిని తిరిగి నొక్కింది. కాదే, నిజమే చెప్పాను అని ఎలా అంటుంది? ముద్ద దిగాలంటే కొన్ని మాటలు మింగాలి. వెనక సీట్లో నైలా కిటికీకి తల ఆనించి కూర్చుంది. నిద్రపోతోందనుకున్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులూ పిల్ల ఎంతో బుద్ధిగా ఉంది. బుద్ధిగా ఉందని డెనిషా మురిసిపోయింది కూడా. అడక్కుండానే గిన్నెలు కడిగింది. టీవీ ముందు కూర్చోలేదు. శుక్రవారం, శనివారం, ఆదివారం వెర్నెల్ నాలుగున్నరకి లేచి వచ్చేసరికి మెత్తలు సోఫాలో సర్ది ఉన్నాయి. పిల్ల గోడకి ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. వంటింటికి దారి ఖాళీగా ఉంది.

"ఏమే, అప్పుడే లేచావేం?"

"మెలకువొచ్చింది అమ్మమ్మా. మీరు దీపం వేసుకోండి."

మొన్నటిదాకా 'నువ్వు' అనే పిల్ల. ఆ 'మీరు' విని వెర్నెల్ దీపం వెయ్యలేకపోయింది. చీకట్లోనే కాఫీ పెట్టుకుంది. ఏదో ఒకటి చెప్పాలనుకుంది. నిన్ను కాదే అలా అన్నది, అలసట అలా అనిపించింది అని. కానీ దాని ముఖం చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉంది.

సోమవారం డెనిషాకి తెల్లవారకముందే పని, వెళ్ళిపోయింది. బస్సు చిన్నది, పసుపు పచ్చది, ఆరుంపావుకి చెప్పినట్టే ఇంటి ముందు ఆగింది. వెర్నెల్ కోటు వేసుకుని పిల్లతో మెట్లు దిగింది. సగం మెట్లు దిగాక గమనించింది. నైలా వీపుకి బడి సంచి ఉంది. చేతిలో ఇంకో సంచి ఉంది, చెత్త వేసుకునే పెద్ద నల్ల సంచి, మూతి ముడేసి. దాన్ని మెట్టు మెట్టుకీ దించుకుంటూ, రెండు చేతులా ఈడుస్తోంది.

"అదేంటే?"

"నా బట్టలు అమ్మమ్మా. వేసవివి. ఇంకా కొన్ని బొమ్మలు."

"బడికి వేసవి బట్టలెందుకు, మంచు పడుతుంటే?"

నైలా ఆగింది. తప్పు చేసి దొరికిపోయినట్టు కాదు, తెలియని పెద్దవాళ్ళకి తెలియజెప్పేటప్పుడు ఆగినట్టు.

"ఈస్టర్‌కి ఇంక అయిదు ఆదివారాలే కదా. అన్నీ ఒకేసారంటే అమ్మ మొయ్యలేదు. పోయినసారి సగం అక్కడే వదిలేశాం. అందుకని కొన్ని కొన్ని తీసుకెళ్ళి బళ్ళో నా అల్మారాలో పెట్టుకుంటా. అక్కణ్ణుంచి ఎవరూ పంపించరని ఆవిడ చెప్పిందిగా."

వద్దే, పైకి తీసుకురా, ఇది నీ ఇల్లే అని వెర్నెల్ అనాలి. ఆ మాట ఒకసారి ఒక తెల్లవాడి ముందు ఎంత తేలిగ్గా అంది! ఇప్పుడు అంటే పిల్ల నమ్మదు. నమ్మించడానికి తన దగ్గర ఇంకో మాట లేదు.

డ్రైవరు తలుపు తెరిచి, మిస్, ఆలస్యమవుతోంది అన్నాడు. నైలా సంచిని బస్సు మెట్టు మీదికి ఎత్తబోయింది. లేవలేదు. మళ్ళీ ఎత్తింది. మంచులో బూటు జారింది.

వెర్నెల్ వంగింది. ఆ సంచిని రెండు చేతుల్లోకి తీసుకుని, మెట్లెక్కి, డ్రైవరు వెనక సీటులో పెట్టి, దొర్లిపోకుండా కిటికీవైపు జరిపింది.

"జాగ్రత్తగా పట్టుకో" అని చెప్పి కిందికి దిగింది.